సగం ఎత్తు

ముప్పై రెండేళ్లు నా గోళ్లలో మసి.
గుంటూరు మెడికల్ కాలేజీ, ఫార్మకాలజీ ల్యాబు,
మేడమీద చివరి గది.
డ్రమ్ముకి నున్నటి కాగితం చుట్టి
దీపం పొగలో తిప్పుతూ కూర్చునేవాణ్ణి.
మసి పలచనైతే గీత కనపడదు,
మందమైతే ముల్లు ఈడ్వలేదు.
నేను చదివిన చదువు అంతే.

గాజు గొట్టంలో, ఉప్పునీళ్లలో
కప్ప పొట్టమీది కండ వేలాడేది, పీచంత.
బుడగలు పోతున్నంతసేపూ బతికున్నట్టే ఉండేది.
(బతకడమంటే ఏమిటని నన్నడగొద్దు.
కప్పను బురదలోంచి పట్టుకొచ్చిందీ నేనే.)

మందు ఒక చుక్క. ముల్లు కాస్త లేచేది.
రెండింతలు. ఇంకాస్త.
నాలుగింతలు. నిటారుగా.
ఎనిమిదింతలు, పదహారు...
ఆ పైన సీసా మొత్తం పోసినా అదే ఎత్తు,
త్రేన్చి లేవబోయేవాడికి
మళ్లీ వడ్డించినట్టు.

శేషారత్నం మేడం స్కేలు పెట్టి కొలిచేది.
"కొసకి చూస్తారేంటర్రా, కొస దగ్గర అందరూ ఒకటే.
సగం ఎత్తు దగ్గర ఆగండి.
ఆ సగానికి ఎంత మందు పట్టిందో చెప్పండి.
ఎంత తక్కువ పడితే అంత ఘాటు.
ఘాటైనదల్లా గొప్పదని మాత్రం రాయకండి,
సున్నా వేస్తాను."

ఘాటు అనేసరికి
నా బుర్ర ల్యాబులోంచి మిర్చి యార్డుకి పోయేది.
మా సువార్త అక్కడ తొడిమలు తీసేది.
రాత్రి ఆమె చెయ్యి తగిలితే చెంప మండేది.
పప్పులోకి తేజ అయితే రెండు కాయలు,
మూడు ముప్పై నాలుగు అయితే ఐదు,
బ్యాడిగి అయితే గుప్పెడు వేసినా రంగే.
ఏ డ్రమ్మూ, ఏ స్కేలూ లేకుండా
నాలిక మీద సగం ఎత్తు ఆమెకు తెలుసు.

"రెండు కాయల తేజ గొప్పా, ఐదు కాయల నంబరు గొప్పా?"
"పప్పు అదే కదయ్యా" అంది.
ఆ ముక్క మేడంకి చెప్తే పగలబడి నవ్వి
మర్నాడు క్లాసులో
మా ఆవిడ పేరు చెప్పకుండా చెప్పేసింది.

ఇప్పుడు కప్ప కంప్యూటర్లో ఉంది.
దాన్ని పట్టడానికి నేనక్కర్లేదు.

సువార్తకి షుగరొచ్చినప్పుడు మేడం దగ్గరికే వెళ్లాను.
"యూనిట్ అంటే ఏంటమ్మా? గ్రామా, చుక్కా?"
"ఒకప్పుడు కుందేలు, యేసోబూ.
రెండు కిలోల కుందేల్ని పస్తుంచి
ఎంత మందుకి చక్కెర పడిపోయి వణుకుతుందో చూసేవాళ్లు.
అందులో మూడో వంతు, ఒక యూనిట్."
ఇంటికొచ్చి రోజూ ఇరవై గీతలు లాగుతుంటే
సిరంజిలో ఏవో చెవులు కదిలినట్టుండేది.

పోయిన మే నెల. పెద్దాసుపత్రిలో నలభై సీసా అయిపోయింది.
కొత్తపేట షాపువాడు వందది ఇచ్చాడు.
మందు అదే రంగు. అంటే ఏ రంగూ లేదు.
ఇంట్లో సిరంజి పాతదే, ఎర్ర మూతది, నలభైది.
అలవాటుగా ఇరవై గీత దాకా లాగింది.
ఇరవై అనుకుని యాభై పొడుచుకుని
యార్డుకి పోయింది.

టిక్కీల మధ్య చెమటలు. మాట ముద్ద.
తాగినట్టు తూలుతుంటే మేస్త్రీ తిట్టాడట.
సోడాబండి రమీజా చూసి
నిమ్మసోడాలో పిడికెడు పంచదార కలిపి
గుటక గుటకగా తాగించింది,
ఏ పుస్తకమూ చదవకుండానే.

నేను వెళ్లేసరికి గోతం మీద కూర్చుని ఉంది.
ముప్పై రెండేళ్లు ముల్లు చూశాను,
సీసా మీద అంకె చూడలేదు.
ఆ మాట పైకి అనలేక
ఆమె చెప్పులు వెతుకుతూ ఉండిపోయాను.

ఇప్పుడు నారింజ మూత సిరంజి.
మొదటిరోజు చూపించాను: గీతలు ఇరవయ్యే, నీళ్లే తక్కువ.
సీసాని వెలుతురుకెత్తి చూసింది.
"అయితే ఇది తేజన్నమాట."
"ఊఁ."
"ముందే చెప్పొచ్చుగా" అని సూది గుచ్చుకుని,
కారం చేత్తో కళ్లు తుడుచుకోబోయి
సగంలో ఆగింది.