నడవా గోడ

పుంటా అరేనస్‌లో గాలి మొదలైతే
వీధుల్లో మోకులు కడతారు,
మనుషులు పట్టుకు నడవడానికి.
నాలుగో తరగతి యెర్కోకి
ఆ గాలి లోపల్నుంచే వీస్తుంది:
బల్ల కింద ఆగని కాలు,
నమిలిన పెన్సిలు,
మూడో వంతు దగ్గర
మూడుసార్లు తప్పిపోయిన లెక్క.

మిర్తా టీచరు కసరదు.
"నడవా గోడ పడిపోయేట్టుంది,
వెళ్ళి కాస్త పట్టుకో నాయనా" అంటుంది.

వాడు అరచేతులు ఆన్చి
మడమలు తన్నిపెట్టి నెడతాడు,
చెవులు ఎర్రబడేదాకా,
ఇరవై లెక్కపెట్టేదాకా.
గోడ కదలదు.
కదలనిదొకటి ఉందని
ఒంటికి తెలియాలి కాబోలు.

తిరిగొచ్చి కూర్చుంటాడు.
మూడో వంతు దొరుకుతుంది,
సగం చెరిపిన గీత కింద.

రంగు మాసిన ఆ చోట
చిన్న చేతుల జాడలు.
వాటికి జానెడు పైన
పెద్దవి, ఒక జత,
సుద్దపొడితో.