రేకా, మేకా

ఎర్మిందా బార్రియా ఇంటి కప్పు మీదికి నేనెక్కేసరికి
అచావో రేవులో ఆటుకు నీళ్ళు దిగిపోయి
పడవలన్నీ బురదలో పక్కకు ఒరిగి ఉన్నాయి.
చిలోయె దీవుల్లో వాన ఆగిందంటే
ఊపిరి పీల్చుకోవడానికే.
ఆ గుక్కెడు ఎండలోనే తేల్చాలి,
అతుకు వెయ్యడమా, అంతా ఊడబీకడమా.

కింద పెరట్లో
మేనల్లుడు నిబాల్దో కొని పడేసిన జింకు రేకులు,
ఇరవై రెండు,
టార్పాలిన్ కింద ఒకదాన్నొకటి వాటేసుకుని పడుకున్నాయి.
"రెండ్రోజుల పని, నలభై ఏళ్ళ నిశ్చింత" అన్నాడు.
నాకూ హాయే. మోకాళ్ళు అరగవు,
కూలి డబ్బు చేతికొస్తుంది.
కాదనడానికి నేనెవర్ని?

ఎర్మిందా మాత్రం నిచ్చెన కాళ్ళు పట్టుకుని
"ముందు చూడు, తర్వాత చెప్పు" అంది.
ఇంట్లో పదకొండు గిన్నెలు పరిచింది.
ఏది ఎప్పుడు నిండుతుందో ఆమెకు కంఠతా వచ్చు:
పొయ్యి పక్కది మొదట,
కుట్టుమిషను మీది సత్తుగిన్నె తెల్లారుజామున.

చాకు తీశాను.
కుళ్ళిన చెక్క అయితే చాకును వెన్నలా మింగుతుంది.
ఉత్తరపు వాలుతో మొదలుపెట్టాను,
గాలివాన అటునుంచే కొడుతుంది మాకు.
చెక్కపెంకు మీద మొన ఆనించి నొక్కాను.
దిగలేదు.
పక్కదాన్ని.
నాచు గీకి ఆ పైదాన్ని.
చాకే వంగింది.

అలెర్సె కలప అది.
తాతలు కొండల్లోంచి వీపున మోసుకొచ్చింది.
ఇప్పుడు ఆ చెట్టు మీద గొడ్డలి పడితే జైలు.
ఎనభై ఏళ్ళ వానకు పైన వెండిలా నెరిసింది గానీ
ఒకదాన్ని తిరగేస్తే
లోపలి ముఖం నిన్న చీల్చినట్టు
ఎర్రగా, ఘాటైన వాసనతో.

ఇంతకీ అది ఊరికే నా చేతిలోకి ఎలా వచ్చింది?
అప్పుడు చూశాను మేకును.
తల లేదు.
తుప్పు తిని తిని వదిలిన ముల్లు,
గోటితో నలిపితే పొడి.

పైన ఉన్నది నేనూ, ఒక సముద్రపు కాకీ.
చెప్పకపోతే ఎవరికీ తెలీదు.
కాసేపు కూర్చున్నాను,
అంత సేపు ఎందుకు కూర్చున్నానో
ఇప్పటికీ నాకు సిగ్గే.

దిగొచ్చి అన్నాను,
"చెక్క బాగుంది. మేకులు చచ్చాయి."
"ఎన్ని?" అంది.
"మూడు వేల పైచిలుకు. రాగివి కొట్టాలి.
ఒక్కొక్క పెంకూ ఊడదీసి, ఎర్ర ముఖం పైకి తిప్పి,
పాత చిల్లుల మీద పై వరస కప్పుకొచ్చేట్టు.
మూడు వారాలు. వాన ఒప్పుకుంటే."
పగిలినవాటికి బదులు
సెలిందో కూలగొట్టిన కొట్టంలో ఏరుకోవచ్చన్నాను.

నిబాల్దో సిగరెట్టు పెట్టె వెనక లెక్క రాశాడు.
రేకుల కంటే మేకులే ఖరీదు.
ఆ లెక్కలో తప్పు లేదు, నేనూ చూశాను.
ఎర్మిందా కూడా చూసి
పెట్టె అతని జేబులోనే పెట్టింది.
"ఏడు గంటలకు రేడియోలో దీవుల కబుర్లు చెప్తారు,
ఎవరు పోయారు, ఎవరి పంది ఈనింది,
రేపు లాంచీ ఉందా లేదా.
రేకు మీద వాన పడుతుంటే
నాకు ఒక్క ముక్క వినపడదు" అంది.
అంతే. ఇంకో కారణం చెప్పలేదు.

రేకులు పందుల దొడ్డికెక్కాయి.
నిబాల్దో వారం రోజులు నాతో మాట్లాడలేదు,
ఎనిమిదో రోజు సుత్తి తెచ్చుకుని నిచ్చెనెక్కాడు.
అప్పటికీ మాట్లాడలేదు.
నేను తిప్పి అందిస్తే అతను కొట్టాడు,
ఆరు వరసలయ్యాయో లేదో
కొండ వెనక నుంచి నల్లగా వచ్చిపడింది.

లోపలికి పరిగెత్తాం.
దొడ్లో పందులు
నెత్తిన ఎవరో డప్పు కొడుతున్నట్టు గోల.
పొయ్యి పక్క నేల పొడిగా ఉంది.
ఎర్మిందా అక్కడి గిన్నె తీసి, కడిగి, కొంగుతో తుడిచి
ఉడికిన బంగాళాదుంపలు అందులోనే పోసి
మా ఇద్దరి మధ్యా పెట్టింది.

తక్కిన పదీ
వాటి వంతుకొద్దీ నిండుతున్నాయి.
రేడియోలో ఎవరిదో పేరు చదువుతుంటే
"ఉష్" అంది.