గోరు పక్కన

కుడిచేతి చూపుడువేలు
మూడు రాత్రులుగా గుండెకాయ మాదిరి కొట్టుకుంటాంది.
గోరు అంచున చీము,
మాగీ మాగని సీతాఫలం కన్నంత తెల్లగా.

మా కాడైతే నిమ్మకాయకు బొక్క పెట్టి
ఇంత ఉప్పు, ఇంత పసుపు కూరి
వేలికి తొడిగేవాళ్లు.
ఈ జాబ్రియా వంటింట్లో దొరికింది లూమీ.
ఎండి, నల్లబడి, గులకరాయైన నిమ్మ.
డబ్బాలోంచి ఒకటి తీసి చూస్తి.
వేలు దూరలేదు.
వాసన మాత్రం ముక్కులోకి దూరింది.

మామా చూసి "దాహిస్" అనింది.
దాహం లేదు మామా, ఇప్పుడే తాగినా అంటి.
ఆయమ్మ నవ్వలేదు.
మర్నాడు డ్రైవర్‌నిచ్చి క్లినిక్కు పంపింది,
పిల్లోడి అన్నం కలిపేది ఆ వేలితోనే గదా.

నర్సు లిజి, మలయాళపు పిల్ల,
"కుళినఖం" అని తలాడించింది.
డాక్టరు కాగితం మీద రాసినాడు: పారోనికియా.
అంటే ఏంది సార్ అని అడిగితి.
పదేండ్లలో జీతం సంగతి గాక
ఈ దేశాన్ని నేనడిగిన మొదటి ప్రశ్న.
"పారా అంటే పక్కన. ఓనిక్స్ అంటే గోరు.
గ్రీకోళ్ల మాట. గోరు పక్కన, అంతే."

అంతేనా.
మా మాటలో అది చుట్టుకుంటాది,
పిలవకుండా వచ్చి నాలుగు దినాలు తిష్ట వేసే
చుట్టం మాదిరి.
వీళ్ల మాటలో పక్కన నిలబడుకుంటాది.
వంటింటి పక్కన నా గది.
వాషింగ్ మిషన్ పక్కన నా మంచం.
పుట్టినరోజు ఫొటోలో పిల్లోడి పక్కన
కేకు పట్టుకున్న నా చెయ్యొకటి.

కోసినారు. చీము పోయింది.
కాగితం కింద ఇంకో ముక్క:
ఏడు దినాలు చెయ్యి తడపరాదు.

రేత్రంతా ఆ పేరును
శెనగల మాదిరి నోట్లో నానబెడితి.
పొద్దున సింకు నిండా గిన్నెలు. మామా పిలిచింది.
బడిలో పిల్ల మాదిరి వేలు పైకెత్తి
"పారోనికియా" అంటి.
కొళాయి ఆగిపోయింది.
సాయంత్రానికి పసుపుపచ్చ గ్లవ్స్ వచ్చినాయి.
నెలాఖరున ఐదు దినార్లు తగ్గినాయి,
గ్లవ్స్‌కో, మందుకో, ఆ మాటకో
ఎవరూ చెప్పలేదు.

రాజంపేట నుంచి చెల్లెలు ఫోన్లో నవ్వింది.
"గోరుచుట్టేనా? దానిమీద రోకటిపోటేం పడల్యా గదా?"
ఈడ రోకళ్లు లేవులే అంటి.
మిక్సీ ఆన్ చేస్తి.

నిన్న చెత్తడబ్బా కాడ
పక్కింటి సుజీవా, సింహళపు పిల్ల,
బొటనేలు చూపించింది, ఎర్రగా నిగనిగలాడతాంది.
నిమ్మకాయ సంగతి చెప్పేకి నాకామె బాస రాదు.
పారోనికియా అంటి.
"పరోని?"
కియా.
"పరోనికా?"
కాదు పిల్లా, కియా, కియా,
అని గేటు లోపలినుంచి ఎవరో కేకేసేదాకా
అనిపిస్తానే ఉంటి.