బస్సు ఎరగని ఎత్తు

ఫొంబెల్ దాటాక రోడ్డు మధ్యలో గడ్డి మొలిచింది.
ఎడమ చక్రాల జాడ ఒకటి, కుడి చక్రాల జాడ ఒకటి,
నడుమ పచ్చటి పాపిట.
నేను కుడి జాడలోనే తొక్కుతాను,
ఎదురొచ్చే నరమానవుడు లేకపోయినా.
అలవాటు.

ఇరవై ఆరేళ్ళు ఈ దారిలో స్కూలు బస్సు నడిపాను.
ప్రతి గుంతా నాకు పేరుపెట్టి తెలుసనుకున్నాను.
అరవై మూడో ఏట సైకిలెక్కితే
మొదటి వారంలోనే బయటపడింది:
మిల్లు దగ్గర్నుంచి రాతి శిలువ దాకా
రోడ్డు మెల్లగా, దొంగలా, పైకి పోతోంది.
బస్సు ఎరగదు. నేనూ ఎరగను.
మోకాళ్ళు చెప్పాయి.

వాసనలు కూడా ఏనాడూ బస్సెక్కలేదు:
తడిసిన ఫెర్న్ ఆకు,
లాక్రోజ్ వాళ్ళ కొట్టంలో పులిసిన మొక్కజొన్న మేత,
ఎండ వాలాక గ్రానైట్ గోడ విడిచే వెచ్చటి ఊపిరి.
బస్సులో ఉన్నదల్లా డీజిలు, నారింజ తొక్కలు,
వెనక సీట్లో ఎవడో కక్కుకున్న సోమవారం.

ఈ పొద్దున శిలువ దగ్గర ఇద్దరు కనబడ్డారు.
లీల్ నుంచట. మెరిసే హెల్మెట్లు,
హ్యాండిల్ మీద పరిచిన పటం.
"ఈ రోడ్డు మీద కార్లు తిరుగుతాయా?" అడిగిందామె.
లెక్క చెప్పాను.
రొట్టెల వ్యాను, మంగళ శుక్రవారాలు మాత్రం.
ఇంజెక్షన్లిచ్చే సాండ్రీన్, రోజుకి రెండుసార్లు.
ఆవు ఈనలేకపోతే పశువుల డాక్టరు.
అంతే.
"స్వర్గం!" అన్నాడతను.
ఎంత సంబరంగా అన్నాడంటే
కాదనడానికి నోరు రాలేదు.

నిజమే కదా.
చీమ చిటుక్కుమంటే వినపడే చోటు.
నా గొలుసుకి నూనె వేశానో లేదో
పైన తిరిగే గద్దకి కూడా తెలిసిపోతుంది.
ఎర్రటి లిముజాన్ ఆవులు కంచె దాకా నడిచొచ్చి
మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తాయి.
దీనికోసం వాళ్ళు సైకిళ్ళు విప్పి, సంచుల్లో కట్టి,
మూడు రైళ్ళు మారి వచ్చారు.
మేమిక్కడ నిశ్శబ్దాన్ని పండించలేదు.
ఒక్కొక్కరే తలుపేసి పోతూ ఉంటే
దానంతటదే పేరుకుంది,
అటకమీద దుమ్ములా.
మొదట బేకరీ. తర్వాత పోస్టాఫీసు.
ఆఖరి ఏడాది యాభై సీట్ల బస్సులో ముగ్గురు పిల్లలు;
ముగ్గురూ మూడు మూలల కూర్చుని
ఒకరినొకరు కేకేసుకునేవాళ్ళు.

నీళ్ళెక్కడ దొరుకుతాయన్నారు.
సమాధుల తోట కుళాయి చూపించాను.
పూలకి పోసే నీళ్ళే, తాగొచ్చు, చల్లగా ఉంటాయి.
ఊళ్ళో ఎక్కువమంది ఉంటున్న వీధి అదేనని
నోటిదాకా వచ్చింది, మింగేశాను.
సెలవుల్లో ఉన్నవాళ్ళతో అలాంటివి అనకూడదు.

వాళ్ళు దిగుడులోకి జారిపోయారు.
చక్రాల కిరకిర, కీచురాళ్ళ కిరకిర
ఎక్కడ విడిపోయాయో పట్టుకోలేకపోయాను.
కాసేపటికి వెనకనుంచి రొట్టెల వ్యాను.
"గిస్లేన్! బస్సెక్కడ పారేసుకున్నావ్?"
ఫిర్మాన్‌కి ఉన్నది ఒక్కటే జోకు.
అయినా నవ్వాను.
రెండు రొట్టెలు కొని వెనక కట్టుకున్నాను,
ఒకటి చాలుననుకుంటూనే.

మా-రూ మలుపులో సిమెంటు షెల్టరు.
లోపల బెంచీ, నడుమెత్తు దురద మొక్కలు,
మేకుతో గీసిన కొరాలి, పక్కన ఓ బాణం,
ఆ పక్కన చెరిపేసిన ఇంకో పేరు.
ఇక్కడ నా పాదం అడక్కుండానే నేల తాకుతుంది.
లుడోవిక్ ఎప్పుడూ ఆలస్యమే.
బూటు ఒకటి కాలికి, ఒకటి చేతికి,
నోట్లో రొట్టెముక్క,
ఆ వాలులో ఉరుక్కుంటూ వచ్చేవాడు.
వాడికోసం నలభై లెక్కపెట్టేదాన్ని.
రూలు ముప్ఫయ్యే.
ఇప్పుడు ఆంజే దగ్గర ఇళ్ళకి కప్పులు వేస్తాడట,
పనికి వేళకి వెళ్తాడో లేదో.

ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది.

వాలు మీద ఎండ.
ఒక పిల్లి రోడ్డు దాటుతోంది,
తీరిగ్గా,
ఏ వైపూ చూడకుండా.