ఇరవై నాలుగు గంటలు

పాప పుట్టి పదిహేడు గంటలైంది.
అందరూ ముక్కు ఎవరిదా అని చూస్తున్నారు.
నేను గుడ్డ చూస్తున్నాను.

తెల్లగా ఉంది.

ఒంగోలు ఆసుపత్రి వరండాలో
ఉలవపాడు నుంచొచ్చిన చుట్టాలు అరటిపళ్ళు ఒలుస్తున్నారు.
"ఏందబ్బయా, ఆడబిడ్డని దిగులా?" అంటాడు బాబాయి.
నా దిగులుకు పేరుంది,
ఎప్పుడో పోయిన డెన్మార్కు డాక్టరు పేరు,
మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు.
అమ్మ దాన్ని పేగునిద్ర అంటుంది.

నేను పుట్టినప్పుడు
నాలుగు రోజులు గుడ్డ తెల్లగానే ఉందంట.
పొట్ట మద్దెలయింది. పచ్చగా కక్కాను.
మాలకొండ సామికి మొక్కుకుంటే
పేరొచ్చింది గానీ పేగు కదల్లేదు.
మద్రాసు రైల్లో, జనరల్ పెట్టెలో,
పచ్చి బాలింత మా చెంచమ్మ
నన్ను ఒళ్ళో కూడా పెట్టుకోలేదు,
అరచేతుల మీద మోసుకుపోయింది.

అక్కడ నా పొట్ట పక్కన ఇంకో దారి తెరిచారు.
పదకొండు నెలలు అదే నా దారి.
సంచులు కొనే డబ్బెక్కడిది?
అమ్మ తన చీరలు చించింది.
తర్వాత ఆ దారి మూసి,
నిద్రపోయే ముక్క కోసేసి,
మేలుకున్నదాన్ని కిందికి లాగి కుట్టి,
"ఇక మామూలే" అని చీటీలో రాశారు.

మామూలంటే ఏందో చెప్తాను.

కుట్టు అప్పుడు బొటనవేలంత. ఇప్పుడు జానెడు.
నాతో పాటే ఎదిగింది.
దారి ఉన్నచోట గుంట, రెండో బొడ్డు.
పిల్లలంతా కాలవలో దూకితే
నేను గట్టు మీద వాళ్ళ బట్టలకు కాపలా.
బళ్ళో తలుపు పక్క బెంచీ, సంచిలో ఎప్పుడూ ఇంకో లాగు.
లెక్కల అయ్యవారు నేను చెయ్యెత్తకముందే
కళ్ళతో "పో" అనేవాడు.
ఆయన పోయినప్పుడు
వాళ్ళ కొడుకు కన్నా నేనే ఎక్కువ ఏడ్చాను.
మా ఊరి మామిడిపండు ఏడేడు ఊళ్ళు తిరుగుతుంది,
నా గొంతు దాకా రాదు.
ఏడాదికొక ముక్క, ఆదివారం, ఇంట్లో ఉండే రోజు.
కావలి నుంచి ఒంగోలు దాకా
ఏ పెట్రోలు బంకు దొడ్డి తాళం ఎవరి దగ్గరుంటుందో
నన్నడగండి.
కానిస్టేబులు పరుగు వదులుకున్నాను.
కరెంటాఫీసు బిల్లు కౌంటరు చాలన్నాను,
కుర్చీ నుంచి తొమ్మిదడుగులే.

ప్రసూనకు పెళ్ళికి ముందు ఫోన్లో చెప్పాను,
దొంగతనం ఒప్పుకున్నట్టు.
అటువైపు చాలాసేపు ఫ్యాను చప్పుడు.
"రాత్రిళ్ళు లేస్తావా?"
అప్పుడప్పుడూ అన్నాను.
"లైటేసుకుని పో. చీకట్లో మంచంకోడు తగుల్తది."

ఏడుపు చెప్పుకోవడం కాదిది.
ముప్పై ఒక్క ఏళ్ళు, బాగానే బతికాను.
సాయంత్రాలు వాలీబాలు ఆడతాను.
నెలల తరబడి మర్చిపోతాను కూడా.
మర్చిపోయిన నెలలోనే
టంగుటూరు టోల్‌గేటు దగ్గర బస్సు ఆగిపోతుంది.

"తండ్రికుంటే బిడ్డకు రావాలని లేదు" అంది డాక్టరమ్మ.
కాగితాలు సర్దుకుంటూ,
"రాకూడదనీ లేదు."

ఇరవై ఒకటి. ఇరవై రెండు.
అమ్మ వచ్చి పక్కన కూచుంది.
పాపను ఎత్తుకోమంటే చేతులు చాచలేదు.
అప్పుడు చూశాను,
ఆమె కళ్ళూ గుడ్డ మీదే ఉన్నాయి.
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇరవై మూడో గంట దాటాక నర్సు కేకేసింది,
"పాప తాలూకు ఎవరబ్బా? గుడ్డ మార్చండి!"

నల్లగా. జిగటగా. తారులా.
కొత్త కాటుకలా.

అమ్మ నా చేతిలోంచి గుడ్డ లాక్కుని
వెలుతురులో పెట్టి, వాసన చూసి,
మళ్ళీ చూసి,
"ఇంక చీరలు చించే పని లేదు" అంది,
కోపంగా అన్నట్టు.

నేను గుడ్డ తీసుకుని కొళాయి దగ్గరికి పోయాను.
"మొగోడివి, నువ్వెందుకురా?" బాబాయి అరుస్తున్నాడు.
నలుపు ఎంతకీ వదలడం లేదు.
వెనక ఎవరో బిందెతో నిలబడి విసుక్కుంటున్నారు.
పుట్టి బుద్ధెరిగాక
ఇలాంటి చోట
నాకు తొందర లేకపోవడం
ఇదే మొదలు.