పదో గోళీ

ఏడురోడ్ల కూడలిలో ఇంకా టీ మరగలేదు.
నాలుగూ నలభై. ఆరుగురం, ఆరు సైకిళ్ళు,
ముందు ముఖలింగం మేష్టారి పాత లూనా.
ఆయన మెళ్ళో ఒకే తాడుకి ఈల, స్టాప్‌వాచీ.
"కళింగపట్నం లైటవుసు ముట్టుకుని రావాల.
రెండున్నర గంటలు. దాటితే
సెలక్సన్లకి కాదు, సంతకెల్లండి" అన్నారు.

అరసవల్లి దాటకముందే ఢిల్లేశ్వరి చైను ఊడింది.
బడిలో ఇచ్చిన సైకిలు. బుట్ట పీకేసింది గానీ
బుట్ట తగిలించే కడ్డీలు మాత్రం
అడగడానికి చాచిన చేతుల్లా ఉండిపోయాయి.
ఎక్కించాం. పది తొక్కులు. మళ్ళీ ఊడింది.
"దీనికీ నానాగే
పొద్దున్నే లెగడం ఇష్టం నేదే" అంది.
ముందు ఆమె వేళ్ళు నల్లబడ్డాయి, తర్వాత చెంప,
తర్వాత, ఓదార్చబోయిన నా చున్నీ.
ఎక్కడో ముందు చీకట్లో
ఈల కోప్పడుతూనే ఉంది.

గార దగ్గర తవిటమ్మ చక్రం బుస్సుమంది.
పామనుకుని సైకిలొదిలేసి గట్టుమీదికి గెంతింది.
తుమ్మముల్లు.
పంపు ఉంది, ప్యాచీ ఉంది,
సొల్యూషను ట్యూబు మాత్రం
నొక్కితే గాలి వదిలింది.
చివరికి కళ్ళం పక్కన వరిగడ్డి అడుక్కొచ్చి
టైరులోకి కుక్కాం, దూడకి కుక్కినట్టు.
ఆ తర్వాత తవిటమ్మ వెళ్తుంటే
గడ్డివాము నడిచెళ్తున్నట్టే ఉంది.

ఇంతసేపూ నేనేం మాట్లాడలేదు.
నాది గేర్ల సైకిలు.
మా అన్న విశాఖలో బేరమాడి తెచ్చింది,
పద్దెనిమిది గేర్లు, పడేవి మూడు,
అయినా పద్దెనిమిదే కదా.
వమరవల్లి మలుపులో ముందు చక్రం
తాగినవాడిలా తల ఊపడం మొదలెట్టింది.
కోను బిగిద్దామని దిగి పానా తిప్పాను.
తిప్పిన వైపు తప్పు.

బేరింగు గోళీలు పది,
మినపగింజలకన్నా చిన్నవి,
గ్రీజు తడితో ఇసకలోకి జారి
ఇసకై కూర్చున్నాయి.

అప్పుడే తెల్లారుతోంది. ఆరుగురం రోడ్డుమీద
మోకాళ్ళమీద. లారీవాడొకడు దణ్ణం పెట్టి పోయాడు.
కళింగపట్నం వైపు నుంచి చేపల తట్టతో ఒకావిడ.
"ఏటమ్మా, ఏటి పారీసుకున్నారు? ముక్కుపుడకేటి?"
"కాదప్పా, సైకిలు గోళీలు."
"బంగారమేటి?"
"ఇనుము."
"ఇనుముకేటే ఇంత ఏడుపు!"
అంటూనే తట్ట దించింది.
రొయ్యల్లోంచి నత్తగుల్లలేరిన కళ్ళు,
కూర్చున్న చోటే మూడు ఏరింది.
మేమందరం కలిసి ఆరు.
పదోది లేదు.

అప్పుడొచ్చారు మేష్టారు, అటునుంచి.
ఈల వినబడలేదు, ఇంజను వినబడలేదు.
లూనా ప్లగ్గు పోయిందట,
దానికున్న రెండు పెడళ్ళనీ తొక్కుకుంటూ
చొక్కా వీపుకతుక్కుపోయి,
మా అందరికన్నా బరువైన సైకిలు మీద.
ఎవరం నవ్వలేదు.
ఢిల్లేశ్వరి మాత్రం మెల్లిగా,
"బేగి తొక్కండి మాస్టారూ, టైమైపోతాది" అంది.
అప్పుడు ఆయనే నవ్వారు ముందు.

తొమ్మిదింటికి లైటవుసు గోడ ముట్టుకున్నాం,
పన్నెండు నల్లటి చేతుల గుర్తులు పడ్డాయి.
ఆయన మెళ్ళో స్టాప్‌వాచీ ఇంకా పరిగెడుతోంది.
మా అందరి సామాన్లలో
చెడకుండా పనిచేసింది అదొక్కటే,
దానివైపే ఎవరూ చూడలేదు.
తిరుగుదారంతా నా చక్రం
ప్రతి చుట్టులోనూ ఒక్కచోట
పేరు మర్చిపోయినట్టు తడబడింది.

సెలక్షన్ల సంగతి ఇంకోసారి చెప్తాను.

ఆ పై ఆదివారం అదే మలుపులో
ఆ చేపలావిడ చెయ్యెత్తి ఆపింది.
తట్ట దించకుండానే కొంగుముడి విప్పింది.
"దొరికిందే నీది."
అరచేతిలో పెట్టుకు చూశాను.
తుప్పు పట్టింది, నావాటికన్నా కాస్త పెద్దది.
నాది కాదు.
నాకంటే ముందు ఇక్కడ
ఎవరు మోకాళ్ళమీద కూర్చున్నారో.
"నాదే అప్పా" అని
జేబులో వేసుకున్నాను.