తాళాలు తీసేశాక

మొదటి క్యాసెట్ వినండి, ఎక్కడైనా దొరికితే.
రెండో పాట మధ్యలో వినిపించేవి చప్పట్లు కావు,
పోర్ట్ చామర్స్‌లో ఉన్ని గోదాం రేకుల మీద వాన.
ఆగుతుందేమోనని గంటన్నర చూశాం.
ఆగలేదు.
నాలుగు ట్రాకుల రికార్డరు అద్దె
ఆరింటితో అయిపోతుంది.
"వానకీ ఒక ట్రాకు ఇచ్చేద్దాం," అంది నైరీ.

నేను వాయించేవాణ్ణి కాదు. వైర్లు చుట్టేవాణ్ణి,
వ్యాను తోలేవాణ్ణి,
మీటరు ముల్లు ఎరుపు దాటకుండా కాపలా కాసేవాణ్ణి.
పాటలు లాక్లన్‌వి. బేసు ఫర్గస్‌ది,
వారంలో అయిదు రోజులు చేపలు కోసే చేతులు,
తీగలు తుడిచినా పోని నీచు వాసన.
డ్రమ్ములు నైరీవి. అందులో ఒకటి చర్చివాళ్లు పారేసింది.
ముగ్గురికీ కలిపి మూడు కార్డులే వచ్చు.
ఆ మూడింటినీ పగబట్టినట్టు వాయించేవాళ్లు.

ఆ రోజుల్లో ఆమె తాళాలు కొడితే
పింగాణీ కొట్టు మెట్ల మీంచి దొర్లినట్టుండేది.
ముందు వరస కుర్రాళ్లు
చెవుల్లో సిగరెట్ ఫిల్టర్లు కుక్కుకునేవాళ్లు.
ఆమె ఏమీ పెట్టుకునేది కాదు.
"గొడుగేసుకుని తడుస్తారా ఎవరైనా?" అనేది.

నాలుగో ఏడు ఆక్లండ్ నుంచి ఒక కంపెనీ వచ్చింది.
గోడలకి నురగ అతికించిన స్టూడియో, బల్ల మీద పళ్లబుట్ట,
చుక్క వాన చొరబడని పైకప్పు.
లాక్లన్ గొంతుని ఇస్త్రీ చేశారు.
ఆ రికార్డు బాగా అమ్ముడైంది. నా దగ్గర లేదు.
రెండేళ్లకి కంపెనీ మూతపడితే
రావలసిన డబ్బుకి బదులు
నాలుగు వందల టీషర్టులు పంపారు, అన్నీ పిల్లల సైజు.
ఫర్గస్ వాటితో పడవ తుడిచేవాడు.

ఇన్వర్కార్గిల్‌లో ఒక బార్ వెనక,
జనం రాకముందు,
నైరీ నన్ను పిలిచింది.
"కుడిపక్క తాళం పగిలిందా? పలకట్లేదు."
నేను వేలితో మీటాను.
గది గదంతా మోగింది.
ఆమె చూస్తున్నది తాళాన్ని కాదు, నా మొహాన్ని.

డాక్టరు కాగితం మీద గీత
ఎడమ నుంచి బాగానే నడిచి నడిచి
కుడి చివర కొండ మీంచి దూకేసింది.
పిట్టలు, కెటిల్ ఈల, కూతురి మాటల్లో సకారాలు
అన్నీ ఆ లోయలోనే.
వాటి చోట ఒక కీచురాయి, రాత్రీ పగలూ.

మేం కూర్చుని తీర్మానం చేయలేదు.
తరవాతి ఊళ్లో స్టేజి మీద ఒక తాళం తక్కువ.
ఆపై ఊళ్లో రెండు.
లాక్లన్ తీగలు వదులు చేశాడు,
ఆమెకి అందేంత కిందికి.
ఫర్గస్ తన పెట్టెని ఆమె స్టూలుకి ఆనించేవాడు,
వెన్నుపూసతో వినేది.
పాటలు నడుంలోతు నీళ్లలో నడిచేవాడిలా నెమ్మదించాయి.
తాళాలన్నీ తీసేశాక
గది పెద్దదైంది.

అయిదో రికార్డుకి పత్రికలు పరిణతి అన్నాయి.
సముద్రగర్భం అన్నారొకరు.
ఈ కొత్త శబ్దం ఎక్కణ్ణుంచి తెచ్చారని
ఒక విలేకరి అడిగితే
లాక్లన్ చాలాసేపు బూటు లేసు కట్టుకున్నాడు.
"డ్రమ్మర్ని అడగండి," అన్నాడు చివరికి.
ఆమెకి ప్రశ్న వినపడలేదు. నవ్వింది.
నవ్వి ఊరుకున్నారు, అని అచ్చేశారు.

పోయిన జులైలో మా ఇంటికొచ్చింది.
పాత క్యాసెట్ పెట్టమంది.
రెండో పాట రాగానే స్పీకరు మీద అరచెయ్యి ఆనించి
కళ్లు మూసుకుంది.
ముప్పై ఏళ్లుగా తిప్పి తిప్పి
నా టేపు అరిగిపోయింది,
సన్న శబ్దాలు ఎప్పుడో రాలిపోయాయి,
ఇప్పుడు అందులో ఉన్నది బేసూ, ఎవరిదో దగ్గూ.

"వాన ఆగిందా?" అంది.
ఆగలేదన్నాను.